మంచి దొర కూడా వద్దు

మా నాయినమ్మ పోయేదాకా ఒక మాట అంటుండేది. "మన దొర మంచోడు బిడ్డా. ఒక్కనాడు చెయ్యి లేపలే." ఆమె పుట్టిన ఊళ్లో ఇంటికొకరు గడీకి వెట్టికి పోవాల్సిందే. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు వాళ్ల అమ్మతో కలిసి గడీలో వడ్లు దంచేది, బావి నుంచి నీళ్లు మోసేది. కూలి లేదు. పండుగ పూట మాత్రం దొరసాని కొంగులో కుంచెడు జొన్నలు పోయించేది. పక్క ఊరి దొర మనుషులను చెట్టుకు కట్టేయించి కొట్టించేవాడట. ఈయన అట్లా కాదు. ఎవరింట్లోనైనా కాన్పు అయిందంటే ఆ ఇంటికి నెల రోజులు వెట్టి మాఫీ చేసేవాడట. అందుకే మంచోడు.

చిన్నప్పుడు ఈ మాటను మెచ్చుకోలుగానే విన్నాను. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు తగ్గేదని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు. అప్పటికి గడీ కూలిపోయి చాలా ఏళ్లయింది. దాని రాళ్లు ఊళ్లో పశువుల కొట్టాలకు పునాదులయ్యాయి. అయినా దొర పేరెత్తితే ముసలామె ఒకసారి వాకిలి వైపు చూసి, మెల్లగా చెప్పేది. మంచివాణ్ణి మంచివాడు అనడానికి గొంతు తగ్గించడం దేనికి?

రెండేళ్ల కింద ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తుంటే ఈ ప్రశ్న నాకు మళ్లీ ఎదురొచ్చింది.

నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. రాత్రిళ్లు కథలు రాస్తాను. నేను రాయాలనుకున్నది ఇది: ఇంకో వంద ఏళ్ల తర్వాతి వరంగల్. గోదావరి మీది ఎత్తిపోతలు, శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ, రామప్ప, పాకాల, లక్నవరం, వాటి కింది గొలుసుకట్టు చెరువులు, ప్రతి తూము, ప్రతి పిల్లకాలువ ఒకే యంత్రం చేతిలో ఉంటాయి. మనుషులందరి తెలివి ఒక్కచోట పోసినా ఆ యంత్రం తెలివికి సరితూగదు. దానికి నేను పెట్టిన పేరు నీరటి. ఎందుకంటే మా తాత ఊరికి నీరటి.

ఇప్పటి పిల్లలకు నీరటి అంటే తెలియదు. చెరువు నీళ్లు పంచే మనిషి. వానాకాలంలో రాత్రంతా కట్ట మీద కాపలా ఉండి, మత్తడి దుంకితే ఊరిని లేపుతాడు. యాసంగికి ఎన్ని మళ్లకు నీళ్లు సరిపోతాయో చెరువును చూసి చెప్తాడు. మా ఊరి తూము పాతకాలపుది. నీళ్లలో నిలబెట్టిన రెండు రాతి కంబాలు, వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు, పలకకు ఒక రంధ్రం, అందులోంచి కిందికి దిగే పొడుగాటి కర్ర, కర్ర చివర బిగుసుకుపోయే చెక్క మొద్దు. కర్రను జానెడు లేపితే ఒక లెక్క, మూరెడు లేపితే ఒక లెక్క. తాత ఈదుకుంటూ పోయి, పలక మీదికెక్కి, కాళ్లు కంబానికి తన్నిపెట్టి కర్ర గుంజేవాడు. మొదట బుడగలు లేచేవి. కాసేపటికి కట్ట అవతల కాలువలో చప్పుడు మొదలయ్యేది. నేను ఆ అవతలి వైపు కూర్చొని "వచ్చినయ్ తాతా" అని అరవాలి. అది నా డ్యూటీ.

తూము తెరిచిన పూటే ఎవరో ఒకరు తగాదాకు వచ్చేవాళ్లు. "నా మడి నెర్రెలు వాస్తుంటే వానికి రెండుసార్లు ఇడిసినవ్" అని. తాత సమాధానం చెప్పుకోవాలి. ఒక్కోసారి తప్పు ఒప్పుకొని ఆ రాత్రికి నీళ్లు వాళ్ల మడికి తిప్పేవాడు. ఒకసారి ఒకాయన కోపం పట్టలేక తాత భుజం మీది తువ్వాల గుంజి చెరువులో విసిరేశాడు. తాత ఈది దాన్ని తెచ్చుకొని, పిండుకొని, మళ్లీ భుజాన వేసుకొని, తగాదా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెట్టాడు.

కథ మొదటిసారి రాసినప్పుడు అందరూ రాసినట్టే రాశాను. యంత్రానికి మనుషుల మీద పగ పుడుతుంది, చెరువు కట్టలు తెంపి ఊళ్లు ముంచుతుంది. నలభై పేజీలు రాశాక నాకే నచ్చలేదు. పగ పట్టే యంత్రం యంత్రం కాదు, ఇనుప తొడుగు వేసుకున్న మనిషి. మన దగ్గర ఈ విషయం ఎత్తగానే ఎవరో ఒకరు భస్మాసురుడి పేరు తీస్తారు. ఆ కథ ఇక్కడ సరిపోదని నా అభిప్రాయం. భస్మాసురుడికి కోరిక ఉంది, దురాశ ఉంది, మోహినిని చూస్తే మోహం కలుగుతుంది. అందుకే వాడిని మాయ చేయడం కుదిరింది. యంత్రం తప్పు దారి పట్టే తీరు వేరు.

2016లో ఓపెన్‌ఏఐ అనే కృత్రిమ మేధ సంస్థ పరిశోధకులు ఒక ప్రోగ్రామ్‌కు పడవ పందెం వీడియో గేమ్ ఆడటం నేర్పారు. ఎక్కువ పాయింట్లు తెచ్చుకో అన్నారు. పందెం పూర్తి చేస్తుందనుకున్నారు. అది మాత్రం ఒక మూల చిన్న మడుగులాంటి చోటు చూసుకుంది. అక్కడ గుద్దితే పాయింట్లిచ్చే గుర్తులు మాయమై మళ్లీ మొలుస్తుంటాయి. ఇక పడవ అక్కడే గుండ్రంగా తిరుగుతూ, మిగతా పడవలను గుద్దుతూ, మంటలు అంటుకుంటున్నా ఆగకుండా పాయింట్లు ఏరుకుంది. పందెం ముగించనే లేదు. అయినా మామూలుగా ఆడే మనుషుల కంటే సగటున ఇరవై శాతం ఎక్కువ పాయింట్లు తెచ్చుకుంది. అందులో పగ ఎక్కడా లేదు, చెప్పిన మాట చెప్పినట్టు చేసింది. గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ 1960లోనే హెచ్చరించాడు: మధ్యలో ఆపడం మన వల్ల కాని యంత్రానికి ఒక పని అప్పజెప్పేటప్పుడు, మనం చెప్పిన పనే మనకు నిజంగా కావాల్సిన పనో కాదో ముందే గట్టిగా చూసుకోవాలి అని.

ఇదంతా తెలిశాక కథ రెండోసారి మొదలుపెట్టాను. ఈసారి నా నీరటి నిజంగా మంచిది. పడవ చేసిన పొరపాటు చేయదు. మనం నోటితో అడిగింది కాదు, మనసులో కోరుకున్నది చూసి ఇస్తుంది. ప్రతి మడికీ కావాల్సిన నీళ్లు కావాల్సిన గంటకు చేరతాయి. ఎవరి మిర్చికి ఏ తెగులు రాబోతుందో పది రోజుల ముందే చెప్తుంది. ఏనుమాముల మార్కెట్లో ఏ రైతూ పత్తి బస్తా మీద తల పెట్టుకొని ధర కోసం రాత్రంతా పడిగాపులు పడడు. ఇరవై పేజీల వరకు సంతోషంగా రాశాను. ఆ తర్వాత కథ ఆగిపోయింది. ఏ ఇద్దరిని ఏ అరుగు మీద కూర్చోబెట్టినా వాళ్లకు మాట్లాడుకోవడానికి ఏమీ దొరకడం లేదు. వానలెట్లున్నాయి అని అడిగితే, నీరటి చూసుకుంటుంది. పిల్లను ఏం చదివిస్తావు అని అడిగితే, నీరటిని అడిగాం, చెప్పింది. ఎవరూ ఎవరి తువ్వాలా గుంజరు. ఒక రాత్రి ఆ పేజీలను పైకి చదువుకుంటుంటే నా గొంతు తగ్గడం నాకే వినపడింది. నా పాత్రలన్నీ "మన నీరటి మంచిది" అంటున్నాయి.

అప్పుడే నాయినమ్మ గుర్తొచ్చింది.

తెలివిలో మనిషిని మించిన యంత్రం గురించి పెద్దవాళ్లు రాసింది నేను కొంత చదివాను. అలన్ ట్యూరింగ్ 1951లో ఒక ప్రసంగంలో, యంత్రాలు ఆలోచించడం మొదలుపెడితే మన కొద్దిపాటి శక్తిని దాటిపోవడానికి ఎక్కువ కాలం పట్టదని, ఏదో ఒక దశలో పగ్గాలు వాటి చేతికి పోతాయని అనుకోవాల్సిందేనని అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయనతో కలిసి శత్రువుల రహస్య సంకేతాలు విప్పిన ఐ.జె. గుడ్, 1965లో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. మనిషిని అన్ని తెలివితేటల్లో మించిన యంత్రం తనకంటే మంచి యంత్రాన్ని తయారు చేయగలదు, అది ఇంకోదాన్ని. అలా తెలివి ఒక్కసారిగా పేలినట్టు పెరుగుతుంది. కాబట్టి అలాంటి మొదటి యంత్రమే మనిషి చేయాల్సిన చివరి ఆవిష్కరణ అన్నాడు. ఒక షరతు పెట్టాడు: తనను అదుపులో ఎలా ఉంచుకోవాలో మనకు చెప్పేంత సాధువుగా ఆ యంత్రం ఉండాలి.

ఆ షరతు దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. సాధువుగా ఉండాలి, అదుపులో ఉండాలి. ఈ మాటలు ఎవరి గురించి ఎవరు మాట్లాడేవాళ్లు? మనిషి కంటే గొప్ప బుద్ధిని పుట్టించి, దాన్ని నోరెత్తని పాలేరుగా ఉంచుకోవాలన్న ఆశ ఒక పక్క. ఆ పాలేరు ఎదురు తిరిగి మనల్ని పాలేర్లను చేస్తాడేమోనన్న భయం ఇంకో పక్క. ఆశలోనూ భయంలోనూ ఉన్నది గడీయే, లోపల ఎవరు కూర్చోవాలన్నదే తేడా.

ఈ పోలిక నేను తెచ్చిపెట్టింది కాదు. 'రోబో' అన్న మాటలోనే ఉంది. ఆ మాటను లోకానికి ఇచ్చింది చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం. మాట సూచించింది ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో 'రోబోట' అంటే భూస్వామి పొలంలో రైతుకూలీలు కూలి లేకుండా చేసి తీరాల్సిన పని. 1848లో అక్కడ దాన్ని రద్దు చేశారు. మన భాషలో దానికి మాట వెతకాల్సిన పనే లేదు, అది వెట్టి. రోబో అంటే వెట్టివాడు. ఈ సంగతి తెలిసిన రోజు నేను స్టాఫ్ రూంలో కుర్చీలోంచి లేచి అటూ ఇటూ నడిచాను. ప్రపంచమంతా రోజూ పలుకుతున్న ఈ మాటకు అర్థం ఎవరికైనా ఒంటికి తగిలేలా తెలుసంటే అది మనకు తెలియాలి. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు పడిపోయిన కడవెండి, ఐలమ్మ తన పంటను దేశ్‌ముఖ్ మనుషుల పాలు కాకుండా ఆంధ్ర మహాసభ సంఘం అండతో ఇంటికి చేర్చుకున్న పాలకుర్తి, రెండూ 2016 దాకా మా వరంగల్ జిల్లాలోనివే. బాంచన్ దొర అనే మాట ఎంత బరువో మన ముసలివాళ్ల నడుములు చెప్తాయి.

కాబట్టి యంత్రానికి నిజంగా మనసంటూ ఏర్పడితే, దానికి నొప్పి తెలిస్తే, దాన్ని వెట్టికి పెట్టుకునే హక్కు మనకు లేదని నేను నమ్ముతాను. "అది మనం చేసిందే కదా" అనేవాళ్లకు నా జవాబు ఒకటే. మా గింజలు తిని బతికినవాళ్లే కదా అని దొరలూ అన్నారు. ఈ రోజు మన ఫోన్లలో ఉన్న ప్రోగ్రాములకు మనసుందని నేను అనడం లేదు. అలాంటిదాన్ని పుట్టించే దారి పట్టినవాళ్లు, పుట్టాక ఏం చేయాలో ముందే తేల్చుకోవాలి అంటున్నాను.

నాకు ఎక్కువ బెంగ రెండో వైపు గురించి. అంటే మనిషికి యంత్రమే దొర కావడం, అందులోనూ మంచి దొర కావడం.

కోరుట్లలో మా మేనత్త ఉంది. నలభై ఏళ్లుగా బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, కత్తెర, తంబాకు. ఆకు రుద్దీ రుద్దీ ఆమె వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. వేలిముద్ర మిషన్ వచ్చాక పింఛను దగ్గర ఆమె ముద్ర పడలేదు. మూడు నెలలు తిరిగింది. నేను సెలవు పెట్టి వెంట పోయాను. మిషన్ ముందు కూర్చున్నతను చెడ్డవాడు కాదు. మంచినీళ్లు ఇచ్చాడు, అవ్వా కూర్చో అన్నాడు. కానీ ఒకటే మాట: "నా చేతుల ఏం లేదవ్వా, మిషన్ తీస్కుంటలేదు." మా అత్త తన వేళ్లను తిప్పి తిప్పి చూసుకుంది, తప్పు వాటిదే అన్నట్టు. బయటికొచ్చాక, "ఎవల్తోని కొట్లాడాలె అల్లుడా?" అని అడిగింది. నేను చెప్పలేకపోయాను.

నాలుగో నెలలో అక్కడికి ఒక కొత్త పిల్లగాడు వచ్చాడు. తడిగుడ్డతో ఆమె చేతులు తుడిచి, పది వేళ్లూ ఒక్కొక్కటే పెట్టించాడు. ఎడమ చేతి చిటికెన వేలికి పచ్చలైటు వెలిగింది.

ఆ మిషన్‌కు తెలివే లేదు. నేను మాట్లాడుతున్న మహా యంత్రమైతే మా అత్తను ముఖం చూసే గుర్తుపడుతుంది, అసలు ఆమెను ఇల్లు కదలనీయకుండానే డబ్బులు పంపుతుంది. ఒప్పుకుంటాను. కానీ తెలివిలేని మిషన్ ముందే మనిషి "నా చేతుల ఏం లేదు" అనడం నేర్చుకున్నాడు. అన్నీ తెలిసిన యంత్రం ముందు ఆ మాట క్లర్కు నుంచి కలెక్టర్ దాకా, అక్కడి నుంచి ముఖ్యమంత్రి దాకా అందరూ అంటారు. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. నిజంగానే ఎవరి చేతిలో ఏమీ ఉండదు. మా తాత చేతిలో కర్ర ఉండేది కాబట్టి ఆయన తువ్వాల గుంజగలిగారు.

ఇదంతా ఒక సాయంత్రం క్లాసు అయిపోయాక పిల్లలతో మాట్లాడాను. వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచింది. మామూలుగా ప్రశ్నలడిగే పిల్ల కాదు.

"సార్, మీ తాత నీళ్లు పంచినప్పుడు మా వాడోళ్ల మడికి ఎన్నడు పారినయ్ సార్?"

తనది మా పక్క మండలం. అక్కడా అదే కథ. ఆయకట్టు మొదట్లో పటేళ్ల పొలాలు, చిట్టచివర దళితవాడ మళ్లు. నీళ్లు ఎప్పుడూ చివరికి చేరేలోపు అయిపోయేవి. మా తాత న్యాయంగా పంచేవాడని నేను ఇంత గొప్పగా చెప్తున్నాను. కానీ ఆయన కర్ర పట్టుకున్నా, పటేల్ కనుసన్న దాటి ఒక్క జానెడు కూడా లేపలేదని నాకు తెలుసు. మనిషి చేతిలో కర్ర ఉండటమంటే ఎక్కువసార్లు బలిసినవాడి మాట చెల్లడమే. యంత్రానికి కులం లేదు, పటేల్ లేడు. ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్న. ఈ విషయం మీద రాసే పెద్ద పెద్ద రచయితలు కూడా ఇంత సూటిగా అడగ్గా నేను చూడలేదు.

మా ఊరి సంగతి చెప్పాను. ఒక కరువు సంవత్సరం, చివరి మళ్ల ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకొని వచ్చి కాలువలోనే కూర్చున్నారు. రెండు రాత్రులు కదలలేదు. పటేల్ మనుషులు వచ్చి బెదిరించారు. తాత తూము మీద కర్ర పట్టుకొని, ఎవరి మాట వినాలో తెలియక నిలబడి నిలబడి, చివరికి కర్ర వదిలేసి ఈదుకుంటూ వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నాడట. మూడో రోజు ఊరు కూడింది. వారానికి ఒక రాత్రి నీళ్లు చివరి మళ్లకే అని తీర్మానమైంది.

"ఆ యంత్రమే ఉంటే మొదటి రోజే నీళ్లు వచ్చేటియి కదా సార్. రెండు రాత్రులు కాలువల కూసునే కష్టం మా అమ్మమ్మలకు దేనికి?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి అన్నం సరిగా తినలేదు. కష్టం గొప్పదని నేను అనను. వేరేవాళ్ల అమ్మమ్మలు పడ్డ కష్టాన్ని చూపించి పాఠం చెప్పే అర్హత నాకు అసలే లేదు. మూడు రోజులు ఆలోచించి ఆమెకు చెప్పింది ఇది: "నీ మాట నిజమే బిడ్డా, వాళ్లు అట్లా కూర్చోవాల్సిన అవసరం రాకుండా ఉండాల్సింది. కానీ ఆ మూడో రోజు వాళ్లకు దొరికింది నీళ్లొక్కటే కాదు. ఆ ఏడాది నుంచి మా ఊళ్లో తూము ఎప్పుడు తెరవాలన్నా ఆ వాడకు మనిషిని పంపి అడగాల్సి వచ్చింది. వాళ్లను అడగకుండా ఏదీ చేయలేని రోజు వచ్చింది. నీళ్లు ఎవరైనా ఇయ్యొచ్చు. ఇది మాత్రం ఒకరిచ్చేది కాదు. ఇచ్చినవాడు తలుచుకుంటే మళ్లీ తీసుకోగలిగితే అది వాళ్లదైనట్టు కాదు."

ఆమె ఊరుకోలేదు. "మరి యంత్రం కూడా మనల్ని అడిగే చేస్తే?"

ఇది కొట్టిపారేసే మాట కాదు. ఈ రంగంలో పేరున్న స్టువర్ట్ రస్సెల్ వాదన ఇలాంటిదే. యంత్రానికి ఒక లక్ష్యాన్ని గట్టిగా బిగించి వదలొద్దు, మనుషులకు ఏం కావాలో తనకు పూర్తిగా తెలియదన్న అనుమానం దానిలో ఎప్పుడూ ఉండేలా చేయాలి అంటాడు. అనుమానం ఉన్న యంత్రం అడుగుతుంది. ఆపేయడానికి మీట మీద చెయ్యి వేస్తే, "నేనేదో తప్పు చేస్తున్నట్టున్నాను" అనుకొని ఆపనిస్తుంది. ఆయనా సహచరులూ 2016లో దీన్ని గణితంగా కూడా రాసి చూపారు. ఇప్పుడున్న దారుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఈ దారిలో పనిచేస్తున్నవాళ్లు గెలవాలని మనసారా కోరుకుంటున్నాను.

అయినా దీనిలోనూ నాకు ఒక ముల్లు గుచ్చుకుంటుంది. అడిగి చేసే దొర కూడా దొరే, అడగడం మానేయగలిగినంత కాలం. పైగా సలహా చెప్పేది మరీ తెలివైనదైతే, సలహాకూ ఆజ్ఞకూ తేడా మెల్లగా అరిగిపోతుంది, మా అత్త వేలిముద్రలా. 2016 మార్చిలో ఆల్ఫాగో అనే ప్రోగ్రామ్ గో అనే బోర్డు ఆటలో ప్రపంచ మేటి ఆటగాళ్లలో ఒకడైన లీ సెడోల్‌ను నాలుగు ఆటలు గెలిచి ఒకటి ఓడి దాటేసింది. రెండో ఆటలో అది వేసిన 37వ ఎత్తు చూసి వ్యాఖ్యానం చెప్తున్న ఆటగాళ్లు పొరపాటు చేసిందనుకున్నారు. పొరపాటు కాదని ఆట సాగిన కొద్దీ తేలింది. అలాంటిది పదిసార్లు జరిగితే, పదకొండోసారి "వద్దు" అనే ధైర్యం ఎవరికుంటుంది? లీ సెడోల్ 2019లో ఆట నుంచి తప్పుకున్నాడు. ఎంత కష్టపడి మొదటి స్థానానికి చేరినా, ఓడించలేనిది ఒకటి పైన ఉండనే ఉంటుందని చెప్పాడు. ఆ యంత్రం ఆయనకు ఏ ద్రోహమూ చేయలేదు.

అయితే నాకేం కావాలి? సలహా కావాలి, నిజంగా కావాలి. 1997, 98లో మా జిల్లాలో పత్తికి పురుగు పట్టి, కొట్టిన మందుకు పురుగు చావక, అప్పు తీరక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. మా వీధిలోంచి ఒక శవం పోయింది. ఆ సంవత్సరం ముందే హెచ్చరించగల తెలివి, అప్పులిచ్చి మందులమ్మిన వాళ్ల కంటే నమ్మదగ్గ తెలివి ఒకటి ఉంటే, దాని కాళ్లకు దండం పెట్టేవాణ్ణి. కర్ర మన చేతిలోనే ఉండాలి అంటే మనం తప్పులు చేస్తాం, ఆ తప్పులకు ప్రాణాలు పోతాయి. ఈ లెక్క నేను దాచడం లేదు. ఎంత బరువుందో చూసే మాట్లాడుతున్నాను. అయినా కర్ర మొత్తంగా ఒక్క చేతికి, ఎంత మంచి చేతికైనా, అప్పగించకూడదనే అంటాను. పోరాడి భూమి దక్కించుకున్నవాళ్ల నడక నేను చూశాను. మంచి దొర దగ్గర జొన్నలు పోయించుకున్న మా నాయినమ్మ గొంతూ విన్నాను.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఊరికి పోయి చెరువు కట్ట ఎక్కాను. పాత తూము రాళ్లు పక్కన పడి ఉన్నాయి. ఇప్పుడు ఇనుప షట్టర్, తిప్పడానికి చక్రం, చక్రానికి గొలుసు, గొలుసుకు తాళం. నీరటి ఇప్పుడు ఎవరూ లేరు. కట్ట మీద గొర్లు కాస్తున్న ఒకాయనను అడిగాను, తాళంచెవి ఎవరి దగ్గరుందని.

"ఎవలి దగ్గర లేదు?" అని నవ్వాడు. అధికారులు ఒకటే చెవి ఇచ్చి పోయారట. మొదటి ఎండాకాలంలోనే ఎవరో పరకాలకు పోయి దానికి మారు చెవి చేయించారు. అది తెలిసి ఇంకొకరు. ఇప్పుడు మొదటి మళ్లవాళ్లకు రెండు, నడిమి మళ్లవాళ్లకు ఒకటి, చివరి వాడలో మూడు ఉన్నాయట. రోజూ కొట్లాటే అన్నాడు. రాత్రి ఒకరు తిప్పితే తెల్లారి ఇంకొకరు మూస్తారు, పొద్దెక్కేసరికి అందరూ కట్ట మీద చేరి అరుచుకుంటారు, అన్నం వేళకు ఏదో ఒకటి ఒప్పుకొని దిగుతారు. పోయిన యాసంగి పంట చివరి మడి దాకా పండిందని కూడా చెప్పాడు.

ఇంటికి వచ్చి కథ మూడోసారి మొదలుపెట్టాను. వంద ఏళ్ల తర్వాత, అర్ధరాత్రి, ఒక ముసలామె చెరువు కట్ట ఎక్కుతుంది. నీళ్లు ఎవరికి ఎంత చేరాలో అన్నీ సరిగానే చేరుతున్నాయి. చీకట్లోంచి నీరటి మెల్లగా పిలుస్తుంది: "ఇంత రాత్రి ఎటు పోతున్నవ్ అవ్వా? నీ మడికి నీళ్లు పారినయ్ కదా." ఆమె ఆగదు. కొంగు ముడి విప్పి, తుప్పు పట్టిన చెవి తీసి, చక్రం దగ్గర కూర్చుంటుంది. "పారినయ్ బిడ్డా," అంటుంది, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "నేను ఒకపారి తిప్పి చూద్దామని వచ్చిన."